మూడుసార్లు ముంచిన రాకెట్టు

తెలంగాణ వచ్చిన ఆ కొత్త రోజుల్లో మా నల్గొండలో అందరికంటే తీరిక లేని మనుషులు పెయింటర్లే. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీఎస్ రాయించుకునేవాళ్లు కొందరు, దుకాణం బోర్డు మీద రాష్ట్రం పేరు మార్పించుకునేవాళ్లు కొందరు, మార్చాల్సింది ఏమీ లేకపోయినా నలుగురితో పాటు మనమూ అని ఇంటి గేటుకు కొత్త రంగు కొట్టించుకునేవాళ్లు ఇంకొందరు. ఏ సందులోకి వెళ్లినా థిన్నర్ వాసనే. అలాంటి రోజుల్లో నేను, ఇరవై రెండేళ్ల దాన్ని, డిగ్రీ పట్టా ఇంకా మడత కూడా పడని దాన్ని, ఈ భూమ్మీద నాకు తెలియని సంగతి ఏదీ మిగల్లేదన్న గట్టి నమ్మకంతో ఒక మూరెడు రాకెట్టుకు రంగు వేయడానికి పూనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే రాకెట్టు కంటే ఆ నమ్మకమే నాకు ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది. (అంత నమ్మకం తర్వాత మరే విషయంలోనూ కలగలేదు, పెళ్లితో సహా.)

అప్పుడు నేను నల్గొండలో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ టీచర్ని. టీచర్ని అనడం కూడా కాస్త ఎక్కువే, ట్రయల్ మీద ఉన్నాను. ఆ బడి యజమానిని ఎదురుగా అందరూ కరస్పాండెంట్ సార్ అనేవాళ్లు, స్టాఫ్ రూములో మాత్రం ఆయన పేరు అడ్మిషన్ సారు. ఆయన ఏ మాట ఎక్కడ మొదలుపెట్టినా అది అడ్మిషన్ల దగ్గరికే చేరేది. ఫలానా పిల్లవాడికి జ్వరం వచ్చింది సార్ అంటే, "అయ్యో పాపం, వాని తమ్ముడు ఏ బడిల సదువుతుండు?" అని అడిగేంత శ్రద్ధ ఆయనది. ఒకరోజు నన్ను తన గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమనడంతోనే నాకు భయం వేసింది.

"మేడం, యాన్యువల్ డేకు ఏదన్న కొత్తది జెయ్యాలె. పక్క బడోల్లు పోయినేడు డ్రోను ఎగిరేసిండ్రు. జనం ఇంకా గదే ముచ్చట జెప్పుకుంటుండ్రు. మనం ఏం జేద్దాం?"

"రాకెట్టు సార్," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. కాలేజీలో సీనియర్లు ఒకసారి ఎగరేస్తుంటే చూశాను, ఆ చూసిన అనుభవమే నా అర్హత.

"నిజంగ లేస్తదా?"

"లేస్తది సార్."

"లేస్తే మీరు పర్మనెంట్ మేడం. లేవకపోతే... సూద్దాం."

ఆ 'సూద్దాం' అంటే ఏమిటో మా స్టాఫ్ అందరికీ తెలుసు. నాకంటే ముందు కెమిస్ట్రీ చెప్పిన సారుతో కూడా ఆయన ఒకసారి 'సూద్దాం' అన్నారు. ఆ సారు ఇప్పుడు బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతున్నారు. నాకు జిరాక్స్ షాపు కూడా లేదు, ఇంటి దగ్గర మగ్గం ఉంది. మగ్గం అంటే నాకేమీ చిన్నచూపు లేదు, దాని మీదే మా ఇల్లు నడిచింది, నా చదువూ నడిచింది. కానీ నకిరేకల్ పక్కన ఉన్న మా ఊరి నుంచి రోజూ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, భుజానికి బ్యాగు తగిలించుకుని బస్సెక్కుతుంటే మా వీధి మొత్తం "పంతులమ్మ పోతాంది" అనేది. ఆరో తరగతి పిల్లలు వర్షంలో తడుస్తూ కూడా ఆగి "గుడ్ మార్నింగ్ మేడం" అనేవాళ్లు. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఏ వంకతోనూ పోగొట్టుకోదలచలేదు.

రాకెట్టు సామాను హైదరాబాదులో ఒక హాబీ కొట్లో దొరికింది. గట్టి అట్ట గొట్టం, పల్చటి చెక్క రెక్కలు మూడు, ప్లాస్టిక్ ముక్కు, కిరాణా కవరు లాంటి చిన్న పారాచూట్, మందు కూరిన ఇంజను. దాంతోపాటు ఒక కాగితం. రంగు పల్చగా వేయాలని, ఒక పూత ఆరాకే ఇంకో పూత వేయాలని, రంగు బరువు పెరిగిన కొద్దీ రాకెట్టు ఎగిరే ఎత్తు తగ్గుతుందని అందులో స్పష్టంగా ఉంది. నేనది చదివాను. చదవడమే కాదు, స్టాఫ్ రూములో హిందీ టీచరుకు అరగంట సేపు వివరించాను కూడా. ఆదివారం ఇంట్లో కూర్చుని రెక్కలు అతికించాను, అతుకుల దగ్గర పల్చగా లప్పం పెట్టాను, ఎమరీ పేపరుతో చెంప నిమిరినట్టు నున్నగా రుద్దాను. అక్కడిదాకా నా చేతిపని ఏ ఇంజనీరుకూ తీసిపోదు. (ఇది నేను అంటున్న మాట కాదు, హిందీ టీచర్ అన్న మాట.)

ఇక రంగు దగ్గరికి వచ్చాం. రంగు గురించి అడ్మిషన్ సార్ హుకుం ముందే అయిపోయింది. మన బడి యూనిఫాం లాగా పసుపు, నీలం ఉండాలి. పైన బడి పేరు ఉండాలి. ఫోన్ నంబరు ఉండాలి. 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అని ఉండాలి.

"సార్, రాకెట్టు మొత్తం మూరెడే," అన్నాను.

"చిన్నగ రాయుండ్రి మేడం."

"పైకి పోయినంక ఎవ్వరికీ కనబడదు సార్."

"దిగేటప్పుడు సదువుతరు."

నల్గొండలో ఒక స్ప్రే డబ్బా పసుపుది, ఒకటి నీలంది, మధ్యలో గీత సాఫుగా రావడానికి ఒక కాగితం టేపు చుట్ట కొనుక్కుని ఇంటికి వెళ్లాను. మా బాపు అప్పుడే మగ్గం దిగి చేతులు కడుక్కుంటున్నాడు. మా ఇళ్లలో నేత అంటే ఉత్త నేత కాదు. నేయకముందే నూలు పోగులను అక్కడక్కడ పాత సైకిలు ట్యూబు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట పాత రంగు అలాగే ఉంటుంది, కట్టని చోట కొత్త రంగు పడుతుంది. అట్లా కట్టుకుంటూ, విప్పుకుంటూ, ముంచుకుంటూ పోతే చివరికి మగ్గం మీద చిలకలూ ఏనుగులూ నడుస్తాయి. మా బాపు కట్టిన ముడిలోకి చుక్క రంగు దూరదని చుట్టుపక్కల పేరు. అలాంటి మనిషి నా టేపు చుట్టను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని చూశాడు.

"గిదేంది బిడ్డా?"

"టేప్ బాపూ. ఇది అంటిచ్చిన కాడ రంగు పడదు."

"కాయితం అంటిస్తే రంగు ఆగుతదా?" అని నవ్వాడు. తర్వాత స్ప్రే డబ్బా తీసి గోడ మీద ఒకసారి బుస్సుమనిపించాడు. గోడకు అంటింది కొంత, గాలిలో పోయింది కొంత. బాపు ముఖంలో నవ్వు పోయింది. "సగం రంగు గాలికే పాయె. అంటింది గూడ పైపైననే ఉన్నది. గోరు తగిల్తే లేస్తది. ఇదేం రంగు బిడ్డా? రంగంటే లోపలికి పట్టాలె."

అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతున్న మా అవ్వ తలెత్తకుండానే తీర్పు చెప్పేసింది. "మూడుసార్లు ముంచంది రంగే గాదు."

నేను వాదించాను. వాదించలేదంటే నా డిగ్రీకి అన్యాయం చేసినట్టవుతుంది. "బాపూ, రంగు ఎక్కువేస్తే బరువైతది, లేవదు," అన్నాను. దానికి బాపు చాలా ఓపికగా, "చీరకు రంగేస్తే చీర బరువైతదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు ఉండాలి. ఉంది కూడా, ఇప్పుడు అడిగితే గడగడా చెబుతాను. నూలుకు వేసే రంగు వేరు, ఎనామిల్ వేరు, అది నీళ్లలా ఆరిపోయేది కాదు, గట్టి తొక్కలాగా పేరుకుపోయేది. కానీ పుట్టినప్పటి నుంచి 'రంగు లోపలికి పట్టాలె' అన్న మాట వింటూ పెరిగిన పిల్లను నేను. పైపైన వేసిన రంగంటే నాకు కూడా లోపల ఎక్కడో సిగ్గుగానే ఉంటుంది. మూడేళ్లు చదివిన ఫిజిక్స్ ఆ సాయంత్రం మా వాకిట్లో నోరు మూసుకుని నిలబడింది.

తర్వాత పని చకచకా సాగింది. ముంచడానికి రంగు తొట్టి వెడల్పు ఎక్కువ, రంగు చాలదు. అందుకని బాపు పక్కింట్లో బోరు వేసినప్పుడు మిగిలిన పైపు ముక్క తెచ్చి, అడుగు మూసి, నకిరేకల్ నుంచి తెప్పించిన ఎనామిల్ డబ్బాలు అందులో పోశాడు. రాకెట్టు గొట్టం లోపలికి రంగు పోకుండా కింద మొక్కజొన్న బెండు బిరడాలా దిగ్గొట్టాడు. మొదటి ముంచుడు పసుపు. అట్ట దాన్ని దాహంగా తాగేసింది కాబట్టి రెండోదీ పసుపే. ఆరాక సైకిలు ట్యూబు పట్టీలు తీసి, నడుం చుట్టూ, మెడ చుట్టూ, ఏదో పట్టుచీర పోగులకు కట్టినంత శ్రద్ధగా కట్టాడు. మూడో ముంచుడు నీలం. ప్రతిసారీ తీసి, ముక్కు పైకి ఉండేటట్టు తీగకు వేలాడదీశాడు. నూలు కట్టలు ఆరే తీగ మీద వాటి మధ్య మా రాకెట్టు గాలికి మెల్లగా తిరుగుతూ ఉండేది. అవ్వ మధ్యమధ్య వచ్చి, బొటనవేలు తడి చేసుకుని దాన్ని రుద్ది, వేలికి రంగు అంటిందో లేదో చూసి వెళ్లేది. (ఒక రెక్క మీద ఆమె వేలిముద్ర చివరిదాకా అలాగే ఉండిపోయింది.)

పట్టీలు విప్పిన రోజు మాత్రం రాకెట్టును వెలుగులోకి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాను. టేపుతో అయితే గీత కత్తితో కోసినట్టు వచ్చేది. ఇది అలా కాదు. బాపు ముడికి కూడా లొంగక పట్టీల అంచుల కింద కొంచెం కొంచెం దూరిన నీలం, పసుపులోకి సన్నటి ఈనెల్లాగా పాకి, మా చీరల అంచుల మీద వచ్చే ఆ మెత్తటి అదురు అలాగే వచ్చింది. అంత అందమైన రాకెట్టును ఏ దేశం వాళ్లూ చేసి ఉండరని ఇప్పటికీ నా అభిప్రాయం. వీధిలో వాళ్లు వచ్చి చూసి, చేత్తో తడిమి వెళ్లారు. ఆ ఊపులో బాపు పారాచూట్ కవరును కూడా పక్కన పారేసి, మగ్గం మీద మిగిలిన పట్టు ముక్క కోసి, అంచు కుట్టి, దారాలు కట్టి లోపల పెట్టాడు. బడి పేరు నేను నడుం మీద రాశాను. ఫోన్ నంబరుకు జాగా లేకపోయింది. మిగిలిన మాటలను రెక్కకు ఒకటి చొప్పున రాశాను. ఒక రెక్క మీద 'అడ్మిషన్లు', ఒకదాని మీద 'జరుగు', ఒకదాని మీద 'చున్నవి'. ఎటు నుంచి చూసినా మొత్తం వాక్యం కనపడేది కాదు గానీ, హుకుం పాటించినట్టే కదా.

యాన్యువల్ డేకు ముందు రోజు రాకెట్టును చేతిలోకి తీసుకుని బరువు చూశాను. అది రాకెట్టులా లేదు, రోకలిలా ఉంది. ఆ సామానుతో వచ్చిన కాగితంలో ఒక పరీక్ష ఉంది. రాకెట్టు సరిగ్గా తూగే చోట దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే మంచిది, నేరుగా ఎగురుతుంది. వాకిట్లో నిలబడి తిప్పాను. నా రాకెట్టు తోక ముందుకు పెట్టి, సిగ్గు లేకుండా వెనక్కి వెనక్కి తిరిగింది. ముక్కు పైకి పెట్టి వేలాడదీశాం కదా, మూడు ముంచుళ్ల రంగూ కిందికి కారి తోక దగ్గర పేరుకుంది. ఈ లెక్కన అది పైకి పోదు, గాలిలో పల్టీలు కొట్టి ఎవరి మీదనో పడుతుంది.

బాపు గడపలో నిలబడి చూస్తున్నాడు. "ఏమైంది బిడ్డా?"

"తోక బరువైంది బాపూ."

బాపు వచ్చి రాకెట్టును చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి పైకి కిందికి ఆడించాడు. ఆయనకు అర్థమైంది. మామూలుగా, "గీకేద్దామా?" అన్నాడు.

గీకితే పని అయిపోయేది. ఎమరీ పేపరు ఉంది, ఇంకా పూట టైముంది, స్ప్రే డబ్బాలు అలాగే ఉన్నాయి. నా ఉద్యోగం నిలవడానికి అదొక్కటే తెలివైన దారి. నేను ఎమరీ పేపరు తీసుకుని ఆ నీలం మీద పెట్టాను కూడా. ఆ ఈనెల్లాంటి అంచు కనపడింది. చెయ్యి ఆడలేదు. "వద్దు బాపూ, ముక్కుల మన్ను పెడితే సరిపోతది," అన్నాను. అది కూడా ఆ కాగితంలో రాసిన ఉపాయమే. ప్లాస్టిక్ ముక్కు లోపల బంకమన్ను మెత్తి ఆరబెట్టాను. మళ్లీ తిప్పితే ముక్కు ముందుకు పెట్టి బుద్ధిగా తిరిగింది. ఇప్పుడు నేరుగా పోతుంది, సందేహం లేదు. ఎంత దూరం పోతుందన్నదే ఇంకా ఉన్న ప్రశ్న. రోకలికి ఇప్పుడు తల కూడా బరువైంది మరి.

మరునాడు సాయంత్రం బడి మైదానంలో ఒక చివర స్టేజీ, దాని ముందు పిల్లలు లాంగ్‌జంప్ చేసే ఇసుక గుంత, ఆ గుంత ఒడ్డునే రాకెట్టు నిలబెట్టిన ఇనుప చువ్వ. తల్లిదండ్రుల వరసల్లో మా బాపు, అవ్వ కూడా ఉన్నారు. అవ్వ ఎన్నడూ కట్టని కొత్త చీర కట్టుకుని, పక్కన కూర్చున్నావిడకు "గా రంగు మేమే ఏసినం" అని అప్పటికే చెప్పేసింది. ముఖ్య అతిథి ఒక రిటైరైన విద్యాధికారి, మా వాళ్లందరూ పెద్దసారు అనేవాళ్లు. అడ్మిషన్ సారు మైకు పట్టుకుని, "తల్లిదండ్రులకు మనవి, మన బడి సదువు ఆకాశానికి పోతాంది, సూడుండ్రి," అన్నారు. పిల్లలు అంకెలు తిరగేసి లెక్కపెట్టారు.  బటన్ నొక్కాను.

బుస్సుమని పొగ లేచింది. రాకెట్టు లేచింది. ఎంత నేరుగా లేచిందంటే, గీత గీసినట్టు లేచింది. జెండా కర్ర దాటింది. రెండో అంతస్తు పిట్టగోడ దాకా పోయింది. అక్కడ, ఇంతకంటే పైకి పోవడం అవసరమా అని ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం ఆగి, ముక్కు కిందికి తిప్పుకుని, వెళ్లినంత నేరుగా తిరిగి వచ్చి, ఇసుక గుంతలో దిగబడింది. మూడు రెక్కలు ఆకాశం వైపు పెట్టుకుని నిలబడింది.  ఎవరో చిన్న పిల్లాడు "అయిపోయిందా?" అని అడిగాడు. అడ్మిషన్ సారు నా వైపు తిరిగారు. మైకు ఆన్‌లోనే ఉంది. ఆయన పెదాలు ముందుకు వచ్చాయి. "సూ..." అన్నారు.

అప్పుడు టప్పుమంది. పారాచూట్‌ను బయటికి తోసే మందు ఇంజనులో చివర ఉంటుంది, కొన్ని సెకన్లు ఆగి పైన ఎక్కడో పేలాల్సింది, రాకెట్టు అంత పైకి పోలేదు కాబట్టి తీరిగ్గా ఇసుకలో పేలింది. ముక్కు ఇసుకలో ఇరుక్కుని ఉండిపోయింది, గొట్టం ఎగిరి వెనక్కి గెంతింది, రెండింటి మధ్య నుంచి బాపు మడిచి పెట్టిన పట్టు గుడ్డ బుస్సున విచ్చుకుని, సరిగ్గా స్టేజీ ముందు ఇసుక మీద పరుచుకుంది. ఎర్ర పట్టు, పచ్చ అంచు.

పెద్దసారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వాహ్!" అన్నారు. "శాలువా!"

మా దగ్గర ఏ సభ అయినా శాలువా కప్పితేనే సభ. రాకెట్టు శాలువా మోసుకొచ్చి కాళ్ల దగ్గర పరిచిందని పెద్దసారు నిజంగానే అనుకున్నారు. అడ్మిషన్ సారు అన్న 'సూ' అలాగే సాగి, "సూడుండ్రి! మా బడి రాకెట్టు చేతుల మీదుగ పెద్దలకు సన్మానం!" అయిపోయింది. మైదానం చప్పట్లతో మోగింది. డ్రిల్లు సారు పరుగెత్తి ఆ గుడ్డ తెచ్చి ఇసుక దులిపి పెద్దసారు భుజం మీద వేశారు. శాలువాకు అది చాలా చిన్నది, చేతి రుమాలుకు కొంచెం పెద్దది, పైగా కాలిన వాసన. ఆయన దాన్ని కార్యక్రమం అయ్యేదాకా తీయలేదు. వెళ్లేటప్పుడు, ఇది ఎక్కడి నేత అని అడిగి మరీ వెళ్లారు. అడ్మిషన్ సారు నా దగ్గరికి వచ్చి, "మేడం, మీరు పర్మనెంట్. వచ్చేయేడు గూడ సన్మానం రాకెట్టే పెడదాం," అన్నారు. నేను థాంక్యూ సార్ అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన బాపు, ఇటు నేను, ముందు సీట్లో అవ్వ. సొట్టపడ్డ రాకెట్టు నా ఒళ్లో ఉంది. బస్సు ఊరు దాటగానే నాకు ఏడుపు వచ్చింది. చిన్న ఏడుపు కాదు, కండక్టర్ చిల్లర ఇవ్వడానికి వచ్చి కూడా వెనక్కి పోయేంత ఏడుపు.

అవ్వ వెనక్కి తిరిగింది. "నౌకరి ఉన్నదనిరి గదనే. ఏడుస్తవేంది?"

"రాకెట్టు లేవలే అవ్వా."

"ఏ, లేసింది. నేను సూసిన గద."

 కొంత దూరం పోయాక, బాపు నా ఒళ్లోంచి రాకెట్టును తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను గీకుదామన్న గద బిడ్డా. ఎందుకు వద్దన్నవు?"

"మంచిగుండె బాపూ. మనసు రాలే."

బాపు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.  రాకెట్టును మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు, ఇల్లు చేరేదాకా తానే పట్టుకున్నాడు.

నేను ఇప్పటికీ పంతులమ్మనే, బడి మాత్రం మారింది. మా పిల్లలు ఏటా రాకెట్టు చేస్తారు. పల్చగా రెండు పూతలు, మధ్యలో టేపు, అన్నీ ఆ కాగితంలో ఉన్నట్టే. అవి కంటికి ఆననంత పైకి పోతాయి. ఈ ఏళ్లలో నేను చాలా నేర్చుకున్నాను, అందులో ముఖ్యమైనది, పని ఎలా జరిగినా జరిగింది అనిపించుకుంటే తృప్తి పడటం. పొరపాటున చప్పట్లు పడినా వంగి నమస్కారం పెట్టి, ఇంటికి వచ్చి హాయిగా అన్నం తింటాను. కోరుకున్న ఉద్యోగం చేతికి వచ్చిన రోజున, ఎగరాల్సింది ఎగరలేదని బస్సంతా వినపడేలా ఏడ్చిన ఆ పిల్ల నాకు ఇప్పుడు కొంచెం వింతగా, చాలా ముద్దుగా కనపడుతుంది. ఆమె గనక ఇవాళ నా పక్క సీట్లో కూర్చుని ఉంటే ఊరుకోమ్మా అని అననే అనను. కిటికీ తెరిచి, నకిరేకల్ వచ్చేదాకా ఏడవనిస్తాను.